నాటిన ఐదు వారాలకే చామంతికి మొగ్గలు: తుంచేయాలా, వదిలేయాలా?

శింగనమల తోట:

అందరికీ నమస్కారం. అనంతపురం జిల్లా శింగనమల దగ్గర 50 సెంట్ల ఎర్రనేలలో జూన్ ఆఖరులో పసుపు చామంతి నాటాం. నర్సరీ నుంచి ట్రేలలో తెచ్చిన నారు. బోదెకూ బోదెకూ 4 అడుగులు, బోదె మీద జంట వరుస, మొక్కకూ మొక్కకూ అడుగు. మొత్తం దాదాపు 10,800 మొక్కలు. డ్రిప్ ఉంది. ఆఖరి దుక్కిలో రెండు ట్రాక్టర్ల పశువుల ఎరువు, 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ బస్తాలు మూడు వేశాం. తర్వాత ఇంకేమీ వేయలేదు.

ఇప్పుడు ఐదో వారం. మొక్క జానెడు కూడా లేదు, కానీ సగానికి పైగా మొక్కలకు నడినెత్తిన బఠాణీ గింజంత మొగ్గ వచ్చింది. తలలు ఇంకా తుంచలేదు. కింది ఆకుల మీద నల్లమచ్చలు కూడా ఉన్నాయి. డ్రిప్ ఆఖరు వైపు మూలలో కొన్ని మొక్కలు వాడుతున్నాయి.

ఈ మొగ్గలు ఉంచితే పూలు దక్కుతాయా? తుంచితే కార్తీకానికి అందుతుందా? సంక్రాంతికి కూడా కొంత పూలు రావాలంటే ఇప్పుడు ఏం చేయాలి?

---

మైదుకూరు చామంతి:

అన్నా, ముందు ఆ మొగ్గ కింద ఉన్న ఆకులు చూడండి. చామంతి ఆకు అంచుకు గండ్లు ఉంటాయి కదా. మొగ్గకు ఆనుకుని ఉన్న మూడు నాలుగు ఆకులు గండ్లు లేకుండా, సన్నగా, పొడుగ్గా పట్టీల్లా ఉంటే అది అకాలపు మొగ్గ. కొమ్మకు ఒక్కటే ఉంటుంది, దాని చుట్టూ కింది కణుపుల నుంచి పచ్చి చిగుళ్లు పైకి లేస్తుంటాయి. సరైన కాలంలో వచ్చే మొగ్గలు గుత్తిగా వస్తాయి, పక్క చిగుళ్లకు కూడా మొగ్గలే ఉంటాయి. మీరు నడినెత్తిన మొగ్గ ఒక్కటే చెబుతున్నారు కాబట్టి ఇది మొదటి రకమే అనిపిస్తోంది. దాన్ని ఉంచితే మొక్కకు ఒకటో రెండో వంకర పూలు వస్తాయి, మొక్క అక్కడే కుదేలవుతుంది. తుంచాల్సిందే.

ఎందుకు వచ్చిందో చెబుతాను, అది తెలియకపోతే తుంచినా మళ్లీ వస్తుంది. చామంతి మొగ్గ వేయడం రాత్రి పొడవు మీద ఆధారపడుతుంది. చాలా రకాలకు పగలు పదమూడున్నర గంటల కంటే తగ్గితే మొగ్గ మొదలవుతుంది. అనంతపురంలో ఏడాదిలో అతి పొడవైన పగలు, జూన్ 21న, సుమారు 13 గంటలే. తెల్లవారుజాము, మునిమాపు వెలుగు కూడా కలుపుకుంటే జూన్‌లో మొక్క హద్దు మీద ఉంటుంది. ఆగస్టు వచ్చేసరికి హద్దు దాటి కిందికి వస్తుంది. అంటే మన సీమలో చామంతి ఎప్పుడూ మొగ్గ వేయడానికి సిద్ధంగానే ఉంటుంది. లేత నారైతే కొన్ని ఆకులు వేశాకే మొగ్గకు వస్తుంది కాబట్టి మనకు ఆ కాస్త వ్యవధి దొరుకుతుంది. ఎండ వేడి కూడా కొంత ఆలస్యం చేస్తుంది.

ఆ వ్యవధిని పోగొట్టేవి మూడు. ఒకటి, ముదురు నారు. కొమ్మ వేరు పట్టడానికి 15 నుంచి 20 రోజులు చాలు. ఇంకో మూడు వారాలు ట్రేలోనే ఉంటే వేర్లు గడిలో గుండ్రంగా చుట్టుకుపోతాయి, మొక్క అక్కడే ఆకుల లెక్క పూర్తి చేసుకుంటుంది. రెండు, మొగ్గకు సిద్ధమైన తల్లి మొక్క నుంచి తీసిన కొమ్మ. మూడు, నాటాక నత్రజని అందకపోవడం, నీటి ఎద్దడి. మీ విషయంలో నత్రజని లోటు స్పష్టంగా ఉంది. ఒక మొక్క పీకి వేరు చూడండి. ట్రే గడి ఆకారం ఇంకా అలాగే ఉండి పక్కలకు తెల్ల వేర్లు రాకపోతే నారు ముదిరిందని తేలిపోతుంది.

తుంచే పద్ధతి: మొగ్గను మాత్రమే గిల్లితే లాభం లేదు. పట్టీ ఆకులున్న కణుపుల నుంచి వచ్చే చిగురు కూడా త్వరగా మొగ్గకే వెళుతుంది. గండ్లున్న మామూలు ఆకు కనిపించేదాకా, అంటే రెండు అంగుళాల దాకా, కిందికి తుంచాలి. మొక్కకు ఐదారు మంచి ఆకులు మిగలాలి. ఉదయం మొక్కలో నీరు నిండి ఉన్నప్పుడు వేలితో విరిస్తే టక్కున తెగుతుంది. తెగకుండా నార సాగితే అక్కడ కొమ్మ ముదిరింది, ఇంకాస్త పైన తుంచండి.

ఎరువు: ఎకరాకు 50 కిలోల నత్రజని, 48 కిలోల భాస్వరం, 10 కిలోల పొటాష్ లెక్క. మీ సగం ఎకరాకు మూడు బస్తాల సూపర్‌తో 24 కిలోల భాస్వరం పడింది, అది సరిపోయింది. నత్రజని 25 కిలోలు కావాలి. తుంచిన రెండో రోజు నుంచి వారానికి 9 కిలోల యూరియా చొప్పున మూడు వారాలు డ్రిప్‌లో ఇవ్వండి. అది సగం లెక్క. మిగతా సగం మొక్క పుంజుకున్నాక, మొగ్గకు ముందే అయిపోవాలి. మొగ్గ వచ్చాక యూరియా వేస్తే ఆకు పెరుగుతుంది, పువ్వు మెత్తబడి సంచిలో నిలవదు. ఆ దశలో 13-0-45 (పొటాషియం నైట్రేట్) వారానికి రెండున్నర కిలోలు చాలు.

---

రాప్తాడు పూలతోట:

పైన చెప్పిందంతా సరే, కానీ ఆగస్టులో తుంచి ఊరుకుంటే కొత్త చిగుళ్లు నాలుగు వారాల్లో మళ్లీ మొగ్గకు వస్తాయి. అక్టోబర్ నడిమికి పూలు వస్తాయి గానీ మొక్క అడుగు ఎత్తు దాటదు, దిగుబడి సగం కూడా ఉండదు. దీపాలు పెట్టకుండా ఈ పంట నిలబడదని నా అభిప్రాయం.

రాత్రిని రెండు ముక్కలు చేయడమే దీపాల పని. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా వెలిగించి ఆపేస్తే ఉపయోగం తక్కువ, ఆ తర్వాత తెల్లవార్లూ చీకటి ఒకే ముక్కగా మిగులుతుంది. రాత్రి 10 నుంచి 2 దాకా వెలిగించాలి. అప్పుడు అటు నాలుగు గంటలు, ఇటు నాలుగు గంటల చీకటి మాత్రమే మిగిలి మొక్క పగలు పొడవుగా ఉందనుకుంటుంది, ఆకులే వేస్తుంది.

మీ బోదెలు 4 అడుగులు కాబట్టి ఒక బోదె వదిలి ఒక బోదె మీద తీగ లాగండి. తీగ మీద 8 అడుగులకు ఒక 9 వాట్ల ఎల్ఈడీ బల్బు. నేల నుంచి ఐదారు అడుగుల ఎత్తు. 50 సెంట్లకు సుమారు 340 బల్బులు పడతాయి. మొత్తం మూడు కిలోవాట్లు, రాత్రికి 12 యూనిట్లు. తెల్లగా మిరుమిట్లు గొలిపే బల్బు కంటే పసుపు ఛాయ బల్బు మేలు. మొక్క రాత్రిని కొలుచుకునేది ఎర్ర కిరణాలతో, అవి పసుపు ఛాయ బల్బులో ఎక్కువ. నాలుగు బల్బుల నడిమధ్యన, మొక్క కొన ఎత్తులో ఫోన్ పెట్టి లైట్ మీటర్ యాప్‌లో చూడండి, 80 నుంచి 100 లక్స్ (వెలుగు కొలత) చూపాలి. బల్బు కింద వెలుగు చూసి సంతోషపడితే మధ్యన ఉన్న మొక్కలు మొగ్గ వేస్తాయి, తోటలో చారలు చారలుగా పూస్తుంది.

కరెంటు గురించి జాగ్రత్త. మోటారుకు పగటిపూట ఇచ్చే వ్యవసాయ కరెంటును దీపాలకు లెక్కవేసుకోకండి. విడిగా మీటరు తీసుకోండి. తడి మడిలో తీగలు కాబట్టి నీరు దిగని హోల్డర్లు, మూడు విడి లైన్లు, లైనుకొక ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి), మొత్తానికి ఒక ఎర్త్ లీకేజీ ట్రిప్పరు (కరెంటు లీకైతే లైను ఆపేసేది) తప్పనిసరి. గడ్డి తీసే కూలీలు ఆ తీగల కిందే వంగి పనిచేస్తారు. ఇక్కడ పొదుపు చేయొద్దు.

ఖర్చు తగ్గాలంటే పది నిమిషాలు వెలిగి ఇరవై నిమిషాలు ఆరేలా టైమర్ పెట్టుకునేవాళ్లున్నారు. అదీ పనిచేస్తుంది. కానీ టైమర్ ఆగిపోయి వరసగా మూడు నాలుగు రాత్రులు చీకటి పడితే మొగ్గ మొదలైపోతుంది, ఆ తర్వాత దీపం పెట్టినా ఆ మొగ్గ చెడుతుందే గానీ వెనక్కి పోదు. కాబట్టి రోజూ ఎవరో ఒకరు పదిన్నరకు తోట వైపు చూడాలి.

తేదీలు: దీపం ఆపిన తొమ్మిది పది వారాలకు మొదటి కోత. ఇప్పుడు తుంచి, ఆగస్టు అంతా వెలిగించి సెప్టెంబర్ 5 ప్రాంతంలో ఆపితే నవంబర్ రెండో వారానికి పూలు. కార్తీకం నడుస్తుంటుంది. సంక్రాంతి పూలను ఈ మొక్కల మీదే లాగాలని చూడకండి. అన్నాళ్లు దీపం కింద ఉంచితే మొక్క నడుం ఎత్తు పెరిగి పడిపోతుంది. దానికి వేరే 20 సెంట్లలో సెప్టెంబర్ మొదటి వారం లేత నారు నాటి, నాటిన రోజు నుంచే దీపం పెట్టి, నాలుగో వారం తల తుంచి, అక్టోబర్ 25-30 మధ్య దీపం ఆపండి. డిసెంబర్ చలికి మొగ్గ విచ్చడం కొంచెం నెమ్మదిస్తుంది, అందుకే ఒక వారం ముందే ఆపమంటున్నాను.

---

కోడుమూరు మందులు:

మచ్చలు, వాడుడు గురించి.

కింది ఆకుల మీద గుండ్రటి ముదురు గోధుమ, నల్ల మచ్చలు, తర్వాత అవి కలిసిపోయి ఆకు ఎండి కాడకు వేలాడటం: ఇది సెప్టోరియా ఆకుమచ్చ. మట్టి నుంచి వాన చినుకుల తుంపరతో కింది ఆకుకు ఎక్కుతుంది, అందుకే ఎప్పుడూ కింది నుంచి పైకి పాకుతుంది. మచ్చలున్న ఆకులు గిల్లి తోట బయట కాల్చేయండి. మాంకోజెబ్ లీటరుకు 2 గ్రాములు, పది రోజులకు క్లోరోథలోనిల్ 2 గ్రాములు, మార్చి మార్చి కొట్టండి. ఆకు అడుగు తడవాలి, పైపైన కొడితే పోదు. తల తుంచిన రోజే సాయంత్రం మొదటి పిచికారీ చేస్తే తుంచిన గాట్లకు కూడా రక్షణ.

వాడే మొక్కలకు మందు అడిగే ముందు ఒకటి చేయండి. వాడిన మొక్కను పీకి, మొదలు దగ్గర బ్లేడుతో ఏటవాలుగా కోయండి. బెరడు లోపల గోధుమ రంగు గీత పైకి పాకి ఉంటే, ఆకులు ఒక పక్కనే పసుపు తిరిగి ఉంటే, అది ఫ్యుజేరియం ఎండు తెగులు. కాండం లోపల తెల్లగానే ఉండి, మట్టిని తాకే చోట మాత్రం నల్లగా మెత్తబడి, వేరు తోలు జారిపోయి దారంలా మిగిలితే అది పిథియం కుళ్లు, అంటే నీరు ఎక్కువైంది. మీరు డ్రిప్ ఆఖరు మూల అన్నారు కాబట్టి నా అనుమానం రెండోదే. లేటరల్ (డ్రిప్ సన్న పైపు) చివర మూత కారుతోందేమో, ఆ మూల పల్లంగా ఉందేమో చూడండి.

కుళ్లైతే మొదట తడి తగ్గించండి, నీరు బయటికి పోయేలా కాలువ తీయండి. తర్వాత మెటలాక్సిల్ + మాంకోజెబ్ లీటరుకు 2 గ్రాములు కలిపి మొదళ్లలో మొక్కకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు పోయండి. చుట్టూ రెండు వరసల ఆరోగ్యంగా ఉన్న మొక్కలకు కూడా పోయాలి. ఎండు తెగులైతే ఆ మొక్క బతకదు, మట్టితో సహా తీసి బయట పారేయండి, పక్క మొక్కలకు కార్బెండజిమ్ లీటరుకు 1 గ్రాము. ఆ మూలలో మళ్లీ చామంతి నాటొద్దు. వచ్చే పంటకు ముందు రెండు కిలోల ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మేలు శిలీంధ్రం) 100 కిలోల చివికిన ఎరువులో కలిపి, తడిపి, నీడలో వారం పది రోజులు మాగనిచ్చి ఎకరాకు చల్లండి. రసాయన మందు పోసిన వెంటనే ట్రైకోడెర్మా వేస్తే అది కూడా చస్తుంది, మధ్యలో కనీసం రెండు వారాలుండాలి.

లేత చిగుళ్లు తుంచాక వచ్చేది పేనుబంక. నల్లగా కొనలకు అంటుకుని ఉంటుంది. ఇమిడాక్లోప్రిడ్ లీటరుకు 0.3 మిల్లీలీటరు, మొగ్గ విచ్చక ముందే.

---

శింగనమల తోట:

చాలా వివరంగా చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. పీకి చూశాం. వేరు ట్రే గడి ఆకారంలోనే ఉంది. మొగ్గ కింద పట్టీ ఆకులే. మూలలో మొదలు నల్లబడి వేరు తోలు జారుతోంది, లేటరల్ మూత కారుతోంది.

ఇంకో రెండు గమనించాం. రోడ్డు వైపు స్తంభం లైటు కింద ఉన్న కొన్ని మొక్కలకు మొగ్గ లేదు, మిగతా వాటికంటే ఏపుగా ఉన్నాయి. రెండోది, తోటంతా లేత ఆకులు పాలిపోతున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. బోరు నీళ్లకు డ్రిప్పర్ల దగ్గర తెల్లటి పొర కడుతోంది. జిబ్బరెల్లిక్ యాసిడ్ అనే హార్మోన్ మందు కొడితే మొక్క త్వరగా పెరుగుతుందని అంగట్లో అంటున్నారు, కొట్టొచ్చా?

---

రాప్తాడు పూలతోట:

స్తంభం లైటు మీకు ఖర్చు లేకుండా పరీక్ష చేసి చూపించింది. దీపం పనిచేస్తుందా లేదా అని ఇంక అనుమానం అక్కర్లేదు. కానీ సెప్టెంబర్‌లో మీరు దీపాలు ఆపాక ఆ మొక్కలు మొగ్గ వేయవు. స్తంభం వైపు దట్టమైన షేడ్‌నెట్ రెండు పొరలు నిలువుగా కట్టండి, లేదా లైటుకు తోట వైపు రేకు అడ్డం పెట్టించండి. పక్క పొలంలో ఎవరైనా చామంతి వేసి ఉంటే మీ దీపాల గురించి వాళ్లకు కూడా ముందే చెప్పండి, వాళ్ల సరిహద్దు వరసల మీద ఇదే ప్రభావం పడుతుంది.

---

మైదుకూరు చామంతి:

లేత ఆకు పసుపు, ఈనె పచ్చ అంటే ఇనుము లోపం. ముదురు ఆకు ముందు పసుపైతే నత్రజని, లేత ఆకు ముందైతే ఇనుము. నేలలో ఇనుము లేక కాదు, మీ నీళ్లలో సున్నం ఎక్కువై నేల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరిగి, ఉన్న ఇనుము వేరుకు అందకుండా పోతోంది. చామంతికి పీహెచ్ 6 నుంచి 7 మధ్య ఉంటే హాయి. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) లీటరుకు 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము. ముందు నిమ్మ ఉప్పు కరిగించి ఆ తర్వాతే అన్నభేది వేయండి, వరస మారితే నీళ్లు ఇటుక రంగుకు తిరుగుతాయి, ఆ మందు పనికిరాదు. సాయంత్రం పూట, వారం తేడాతో రెండు సార్లు. మాంకోజెబ్‌తో కలపకండి. నీటి పరీక్ష చేయించండి. విద్యుత్ వాహకత, అంటే నీటిలో ఉప్పు కొలత, 2 డెసీసీమెన్స్ దాటితే ఆకు అంచులు మాడటం మొదలవుతుంది, అప్పుడు రెండు మూడు తడులకు ఒకసారి బాగా పారించి ఉప్పును వేరు కిందికి దించాలి.

జిబ్బరెల్లిక్ విషయం. చామంతికి 50 పీపీఎం (లీటరుకు 50 మిల్లీగ్రాములు) చొప్పున 30, 45, 60 రోజులకు కొట్టమనే సిఫారసు ఉంది. 50 పీపీఎం అంటే అసలు పొడి 20 లీటర్లకు 1 గ్రాము, ముందు కొద్దిగా స్పిరిట్‌లో కరిగించాలి, నేరుగా నీళ్లలో కరగదు. అంగట్లో దొరికే 0.001 శాతం ద్రావణంలో లీటరుకు ఉండేదే 10 మిల్లీగ్రాములు, నీళ్లు కలపకుండా కొట్టినా 50 పీపీఎం రాదు. అయినా మీ తోటకు ఇప్పుడు వద్దు. ఆ మందు ముఖ్యంగా కణుపుల మధ్య దూరం పెంచుతుంది. వేరు చుట్టుకుపోయి ఉన్న మొక్క సన్నగా సాగి ఈశాన్య రుతుపవనాల వానకు పడిపోతుంది. చిగుళ్లు నాలుగు అంగుళాలు దాటాక, వేరు పాకిందని పీకి చూశాక ఒక్కసారి కొట్టి చూడొచ్చు.

---

కోడుమూరు మందులు:

దానికి ఒక్క మాట. నేనైతే ఆ ఒక్కసారి కూడా వద్దంటాను. దీపం కింద ఎలాగూ సాగుతుంది. ఆ డబ్బుతో మొక్కల వరసకు రెండు పక్కలా కర్రలు పాతి అడుగు ఎత్తులో సుతిలి కట్టండి. నవంబర్ వానల్లో విచ్చిన పువ్వు బురదలో పడితే బూజు తెగులు రెండు రోజుల్లో గుత్తి మొత్తాన్ని గోధుమరంగు చేస్తుంది. నిలబడి ఉన్న మొక్క గాలికి త్వరగా ఆరుతుంది.

---

మైదుకూరు చామంతి:

సుతిలి మాట నిజం, ఒప్పుకుంటాను.

కోత గురించి కూడా రాస్తాను, అడగలేదు గానీ అవసరం పడుతుంది. విడి పువ్వు అమ్మేవాళ్లు పూర్తిగా విచ్చాకే కోయాలి, మొగ్గ దశలో కోస్తే తూకం రాదు. బయటి రేకులన్నీ పరుచుకుని, నడిమి బొడ్డు ఇంకా బిగువుగా, పచ్చ ఛాయలో ఉన్నప్పుడు సరైన సమయం. బొడ్డు పసుపు పొడి రాలిస్తే ఆలస్యమైనట్టు. మంచు ఆరాక, ఎండ ముదరక ముందు కోయండి. మంచు తడితో సంచిలో నింపితే దారిలోనే ఉడుకుతుంది, బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌కో హైదరాబాద్ గుడిమల్కాపూర్‌కో చేరేసరికి నడిమి పూలు నల్లబడతాయి. గోనెసంచిలో వదులుగా పోయండి, కాలితో తొక్కి నింపొద్దు. మూడు నాలుగు రోజులకొక కోత చొప్పున ఆరేడు వారాలు సాగుతుంది. కోతల మధ్య మందు కొట్టాల్సి వస్తే కోసిన రోజు సాయంత్రమే. ఆ పూలు గుడికీ వెళతాయి, ఆడవాళ్ల తలల్లోకీ వెళతాయి.

పూత అయ్యాక నేలకు జానెడు ఎత్తులో మొక్కలు కోసేసి, మచ్చలు, వాడుడు లేని వరస ఒకటి ఎంచుకుని తల్లి మొక్కలుగా ఉంచండి. మొదళ్ల నుంచి పిలకలు వస్తాయి. వచ్చే ఏడు నారు మీరే చేసుకోవచ్చు, ముదురు నారు సమస్య ఉండదు. కానీ ఆ తల్లి మొక్కల మీద కూడా రాత్రి 10 నుంచి 2 దాకా దీపం ఉండాలి, ఫిబ్రవరి నుంచి కొమ్మలు తీసేదాకా. వరసకు పదో పన్నెండో బల్బులు చాలు. మూడు అంగుళాల లేత కొన, కింది రెండు ఆకులు తీసి, వేర్లు పుట్టించే హార్మోన్ పొడి అద్ది, కొబ్బరి పీచు పొట్టు నింపిన ట్రేలో నీడన పెడితే మూడు వారాల్లోపే మడికి సిద్ధం. ఇరవై ఐదో రోజు దాటిన ట్రే ఏదైనా ఉంటే దాన్ని నాటకండి.